మూడు కొడితే ముందుకు

ఆ వీధిలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ అతను నిదానమే. పిల్లల్ని బడికి తీసుకెళ్ళే వ్యాను అతనిది. సైకిలు మీద పోయేవాళ్ళు కూడా బెల్లు కొట్టి మరీ దాన్ని దాటిపోతుంటారు. "ఈ వ్యానెక్కితే బడికి చేరేలోపు మా వాడు పై క్లాసులోకి వచ్చేస్తాడు" అని తల్లులు ఎగతాళి చేస్తారు గానీ, పిల్లల్ని మాత్రం ఇంకో బండిలో పంపరు. ఇన్నేళ్ళలో ఆ వ్యానులో ఒక్క పిల్లకి మోచెయ్యి కూడా గీరుకోలేదు.

మర్నాడు బడి తెరుస్తున్నారు. వ్యానుకి ఫిట్‌నెస్ కాగితం గడువేమో సెలవుల్లోనే అయిపోయింది. ఆ కాగితం చేతిలో లేకుండా పిల్లల్ని ఎక్కించుకోవడానికి వీల్లేదని బడివాళ్ళు ఖరాఖండిగా చెప్పేశారు. ఇంకో వ్యానువాడు అప్పుడే బడి గేటు దగ్గర తచ్చాడుతున్నాడు కూడా. అయినా నిదానం, రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అని నాన్చి నాన్చి చివరికి ఆఖరి రోజుకి తెచ్చుకున్నాడు. పేరు ఊరికే రాదు.

వెంట బావమరిది వచ్చాడు. వాడు మెకానిక్కు. వాణ్ణి అందరూ వాగుడుకాయ అంటారు. ఆ పేరు పెట్టింది వాడి అక్కే. తల్లీతండ్రీ పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడ. "నాతోపాటు మా తమ్ముడూ వస్తాడు, ఇష్టమైతేనే నన్ను చేసుకోండి" అని పెళ్ళికి ముందే నిదానం మొహమ్మీద చెప్పేసింది. ఆ దంపతులకి పిల్లలు పుట్టలేదు. దాంతో వాడే బావమరిది, వాడే కొడుకు, వాడే ఇంట్లో రేడియో. నిద్రలో కూడా వాడి నోరు మూతపడదు.

బండ్ల పరీక్ష జరిగే చోటు పొడవాటి రేకుల షెడ్డు. ఒక చివర లోపలికి వెళ్ళి రెండో చివర బయటికి రావాలి. మధ్యాహ్నమే మబ్బు కమ్మి, వీళ్ళ వంతు వచ్చేసరికి వాన జోరందుకుంది. పొద్దు ఇంకా గూకకపోయినా షెడ్డు లోపల లైట్లు వేశారు. గోడల మీద ఏళ్ళనాటి పొగ మసి. వెనక గేటు దగ్గర కాంక్రీటు కలిపే లారీ ఒకటి ఆగి ఉంది. దాని డ్రమ్ము గరగరమంటూ తిరుగుతూనే ఉంది.

వరసలో వీళ్ళ ముందున్న లారీ తాలూకు మీసాల డ్రైవరు దిగొచ్చి నిదానం కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"గోతిలోకి ఎవరి మనిషిని వాళ్ళే దింపుకోవాలి, తెలుసుగా?" అన్నాడు.

"అదేంటి? పాతాళం లేడా?"

షెడ్డు చివర నేలలో తవ్విన సన్నటి గొయ్యి ఉంటుంది. దిగడానికి ఆ చివరా ఈ చివరా మెట్లు. బండి ఆ గొయ్యికి అడ్డంగా కాకుండా నిలువునా వచ్చి ఆగితే, కిందనుంచి ఒక మనిషి బ్రేకులూ స్టీరింగూ తట్టి, లాగి చూస్తాడు. ఇంజను మోతలో, రేకుల చప్పుడులో కేకలు వినపడవు. అందుకని సుత్తితో బండి అడుగున కొట్టి చెబుతాడు. ఒకటి కొడితే బ్రేకు తొక్కాలి. రెండు కొడితే వదలాలి. మూడు కొడితే పని అయిపోయింది, ముందుకు పోవాలి. ఆ సుత్తి పట్టుకున్నాయన్నే డ్రైవర్లు పాతాళం అనేవారు. ఆయన మొహం చూసినవాళ్ళు తక్కువ. తెలిసిందల్లా ఆ దెబ్బలే. తొందర ఉండదు, విసుగుండదు, గోడ గడియారం గంట కొట్టినట్టు ఒకటే తూకం. డ్రైవర్ల కాళ్ళు బుర్రనడక్కుండానే ఆ దెబ్బలకి కదిలేవి.

"పోయాడు" అన్నాడు మీసాలాయన. "గోతిలోనే. సాయంత్రం షెడ్డు మూసేటప్పుడు చూశారు. మెట్ల మీద కూర్చుని ఉన్నాడట, సుత్తి ఒళ్ళో పెట్టుకుని. డాక్టరొచ్చి, ఈయన పోయి రోజు దాటింది కదయ్యా అన్నాడట."

"అయ్యో పాపం."

"పాపం కాదు, పూర్తిగా విను." మీసాలాయన గొంతు తగ్గించాడు. "ఆ రోజు మధ్యాహ్నం నా లారీ గోతి మీదికెళ్ళింది. ఒకటి కొట్టాడు. రెండు కొట్టాడు. మూడూ కొట్టాడు. ఈ చెవుల్తో విన్నా."

పక్క సీట్లోంచి వాగుడుకాయ పకపకా నవ్వాడు. "పోయాక కూడా డ్యూటీ చేశాడంటే అలాంటి మనిషి ఏ ఆఫీసుకి దొరుకుతాడు అన్నా! ఇక్కడ బతికున్నవాళ్ళే పని చెయ్యట్లేదు."

మీసాలాయన నవ్వలేదు. అప్పట్నుంచి షెడ్డువాళ్ళెవరూ గోతిలోకి దిగనంటున్నారనీ, పక్కన కొత్త మిషన్లు వస్తున్నాయనీ, ఇవాళ్టి బండ్లు అయిపోగానే గొయ్యి పూడ్చేస్తారనీ చెప్పి వెళ్ళి తన లారీ ఎక్కాడు.

పొగ పరీక్ష అయింది. లైట్ల పరీక్ష అయింది. బ్రేకు ఇన్‌స్పెక్టరు జలుబుతో ముక్కు తుడుచుకుంటూ, ఎప్పుడు కొంపకి చేరదామా అన్నట్టు చేతులూపుతూ బండిని ముందుకి రమ్మంటున్నాడు. అన్నిట్లోనూ వ్యాను శుభ్రంగా గట్టెక్కింది. గొయ్యి ఒక్కటే మిగిలింది. వీళ్ళ వెనక ఇంకో బండి లేదు.

వాగుడుకాయ చేతిలైటూ పానా తీసుకుని దిగాడు. గోతి అంచున నిలబడి లోపలికి వంగాడు. "బాబాయ్, కాస్త పక్కకి జరుగు, నేనూ వస్తున్నా!"

"చచ్చినవాళ్ళతో పరాచికాలేంట్రా" అని నిదానం కసిరాడు.

"నువ్వు మాత్రం మూడు కొట్టేదాకా కదలకు బావా. నీ గురించి నాకు తెలుసులే, నాలుగు కొట్టినా కదలవు" అంటూ వాడు మెట్లు దిగిపోయాడు.

నిదానం వ్యానుని గోతి మీదికి తెచ్చి ఆపాడు. ఇంజను ఆపలేదు, పరీక్షకి అది నడుస్తూనే ఉండాలి. గేరు రాడ్డు చుట్టూ రబ్బరు చిరిగిన చోట వాడి లైటు వెలుగు పైకి వస్తోంది. ఆ కంతలోంచే వాసన కూడా. పాత నూనె, తడి మట్టి, వాటి వెనకాల ఇంకేదో... ఎప్పుడూ తెరవని గదిలో ఆరేసిన తడిబట్టల వాసన.

కిందనుంచి మాటలు ముక్కలు ముక్కలుగా వినిపిస్తున్నాయి. వాడు ఇటు బావని తిడుతున్నాడో, అటు బండిని తిడుతున్నాడో.

టంగ్.

నిదానం బ్రేకు తొక్కాడు.

టంగ్‌టంగ్. వదిలాడు. పక్కింటి తలుపు బాదినట్టుంది వాడి వరస. నిదానానికి నవ్వొచ్చింది. వెధవకి ఇందులో కూడా తొందరే.

టంగ్. తొక్కాడు.

వెలుగు ఆరిపోయింది.

బల్బు పోయుంటుందిలే అనుకున్నాడు. కాసేపు ఎదురుచూశాడు. వాన రేకుల మీద బాదుతోంది. కింద మాటలు లేవు. మాటలు లేకపోవడమే అతనికి తేడాగా తోచింది. చీకట్లో పడితే వాడి నోరు ఇంకా ఎక్కువ వాగాలి కదా?

"ఒరేయ్!"

గేరు రాడ్డు కంత వైపు వంగి మళ్ళీ పిలిచాడు.

"ఒరేయ్, లైటేమైందిరా?"

టంగ్... టంగ్...

రెండు. నిదానం కాలు పెడలు వదిలేసింది. వదిలాక గానీ అతనికి తెలియలేదు. ఆ దెబ్బల్లో తొందర లేదు. విసుగు లేదు. ఒకటే తూకం.

ఒకటి. కాలు నొక్కింది. రెండు. కాలు లేచింది. ఈసారి దెబ్బ సరిగ్గా అతని సీటు కింద తగిలింది. అదే క్షణంలో ఇంకో దెబ్బ, బండి వెనక చక్రాల దగ్గర... చిన్నగా, తడబడుతూ.

రెండు చోట్ల.

ఒక్క మనిషి ఒకేసారి రెండు చోట్ల ఎలా కొడతాడు?

నిదానం తలుపు తెరిచి కాలు కింద పెట్టబోయాడు.

"దిగకు!" ఇన్‌స్పెక్టరు అరిచాడు. "బండి గోతి మీదుండగా డ్రైవరు దిగాడంటే ఫెయిలే! మళ్ళీ వచ్చే వారమే!"

వచ్చే వారం. రేపు పొద్దున బడి గేటు దగ్గర ఇంకొకడి వ్యాను. నిదానం కాలు వెనక్కి తీసుకున్నాడు. ఒక్క క్షణమే ఆలోచించాడు గానీ, ఆ క్షణం కాగితానికే ఇచ్చాడు.

"మా వాడు పలకట్లేదు సార్. కాస్త చూడండి."

ఇన్‌స్పెక్టరు వంగి వెనకవైపు చూశాడు. "అదుగో, మెట్ల దగ్గర కూర్చున్నాడుగా. ఏం రోగం? కానియ్యి, కానియ్యి."

మెట్ల దగ్గర. వాడు మెట్ల దగ్గరుంటే... సీటు కింద ఉన్నదెవరు?

టంగ్.

వెనక చక్రాల దగ్గర దెబ్బ. ఒకటి. మళ్ళీ ఒకటి. మళ్ళీ ఒకటి. పానాతో, గబగబా, పక్కింటి తలుపు బాదినట్టు. ఆగు. ఆగు. ఆగు బావా. నిదానం బ్రేకుని నేలకి అంటేదాకా తొక్కి పట్టుకున్నాడు. చెమటకి చేతులు స్టీరింగు మీద జారిపోతున్నాయి. ఆగాన్రా, ఆగాను, కదల్లేదురా...

అప్పుడు సీటు కింద.

టంగ్...

వద్దు అనుకున్నాడు.

టంగ్...

కాలు కదలకూడదు. కదలకూడదు.

టంగ్.

అతని కాలు ఎన్నేళ్ళనుంచో ఆ చేతి దెబ్బకి అలవాటు పడిపోయింది. బుర్ర వద్దంటూనే ఉంది. కాలు బ్రేకు వదిలింది, చెయ్యి గేరు వేసింది, వ్యాను మెల్లగా గొయ్యి దాటి ముందుకి జరిగింది. అంత నిదానంగా అతను ఎప్పుడూ నడపలేదు. వెనక ఆ చిన్న దెబ్బలు ఆగిపోయాయి.

అద్దంలో చూశాడు. గోతి మెట్ల మీదనుంచి బావమరిది పైకి వస్తున్నాడు. అదే నీలం చొక్కా, అదే నూనె మరకల ప్యాంటు. నిదానానికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఈలోగా ఇన్‌స్పెక్టరు కాగితం మీద ముద్ర కొట్టి కిటికీలోంచి పడేశాడు. వెనక గేటు దగ్గర కాంక్రీటు లారీ రివర్సు చేసుకుంటూ లోపలికి వస్తోంది.

"ఎక్కరా. బతికించావు" అన్నాడు నిదానం.

వాడు ముందు సీట్లో ఎక్కలేదు. వెనక్కి వెళ్ళి, పిల్లలు కూర్చునే ఆఖరి బెంచీ మీద కూర్చున్నాడు.

దారంతా వాన. నిదానం ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు. లైటెందుకు ఆరిపోయింది? ఎవర్రా కింద? నన్ను ఆటపట్టించావా? ఆ బండిలో బావ మాట్లాడటం, బావమరిది వినడం అదే మొదటిసారి. వెనకనుంచి ఊఁ కూడా లేదు. అద్దంలో వాడి తల కనిపిస్తోంది, మొహం మీద మాత్రం వెలుగు పడటం లేదు.

"జడుసుకున్నావేంట్రా? మాట్లాడు."

వెనక కిటికీ ఇనుప చట్రం మీద... టంగ్.

వ్యాను కీచుమంటూ రోడ్డు మధ్యలో ఆగిపోయింది. నిదానం తన కాలి వైపు చూసుకున్నాడు. అది బ్రేకు మీద ఉంది.

టంగ్... టంగ్... కాలు లేచింది.

మరి అతను ఏమీ అడగలేదు. మలుపు దగ్గర ఒకటి, దాటాక రెండు. ఇల్లు వచ్చేదాకా ఆ వ్యానుని అతను నడపలేదనే చెప్పాలి.

తలుపు తీసింది అతని భార్య. "ఏమైంది, కాగితం వచ్చిందా?" అని నవ్వుతూ అడిగి, తమ్ముడి తల తుడవడానికి తువ్వాలుతో ఎదురెళ్ళింది. వాడు ఆవిణ్ణి దాటుకుని లోపలికెళ్ళి, మేడ మీదికెళ్ళే మెట్ల మీద కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆవిడ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

మొగుడి చెయ్యి పట్టుకుని వసారాలోకి లాక్కొచ్చింది. గుసగుసగా అడిగింది.

"మా తమ్ముడేడి?"

"లోపల..."

"అది వాడు కాదండీ. నా చేతులతో పెంచాను, నాకు తెలీదా? వాణ్ణెక్కడ వదిలేశారు?"

ఆవిడ మొహం చూశాక నిదానానికి, ఇందాకట్నుంచీ తనకీ తెలుసనీ, తెలిసే నడుపుకుంటూ వచ్చాననీ అర్థమైంది. వెనక చక్రాల దగ్గర ఆగు ఆగు అని కొట్టింది వాడే. తను ఆగలేదు.

"వెళ్ళండి" అంది ఆవిడ. "వాణ్ణి తీసుకురండి. ఇది మళ్ళీ వాడి దగ్గరికి పోకుండా నేను ఇక్కడ కాపలా ఉంటా." ఏడుస్తూనే లోపలికెళ్ళి గడియ వేసుకుంది. గుమ్మానికి వీపు ఆనించి కూర్చున్న చప్పుడు వినిపించింది.

ఆ వేళ నిదానం వ్యాను నడిపిన తీరు ఎవరైనా చూసుంటే ఆ పేరు వెనక్కి తీసుకునేవాళ్ళు.

షెడ్డు గేటు సగం మూసి ఉంది. ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోయాడు. కాపలావాడు గొడుగు మడుస్తున్నాడు. కాంక్రీటు లారీ డ్రైవరు పైపుతో తన బండిని కడుక్కుంటున్నాడు. నిదానం వాళ్ళని తోసుకుంటూ లోపలికి పరిగెత్తాడు.

గొయ్యి లేదు. ఆ చివరనుంచి ఈ చివరదాకా బూడిదరంగు తడి నేల, ఇంకా మెరుస్తోంది.

"లోపల మనిషున్నాడు! మా వాడున్నాడు లోపల!"

కాపలావాడు తెల్లబోయాడు. "నీ బావమరిదేగా? నీ బండే ఎక్కి వెళ్ళాడు కదయ్యా. మేమంతా చూశాంగా."

"చూడకుండా ఎలా పోశారు? పోసేముందు ఒక్కసారి చూడొద్దా?"

"ఎందుకు చూడం? మేమేమన్నా మనుషులం కాదా?" లారీ డ్రైవరుకి కోపమొచ్చింది. "ఎవరైనా ఉన్నారా అని రెండు చివర్లా నిలబడి కేకేశాం. లోపల్నుంచి మూడు కొట్టారు. మూడంటే కానియ్యమనేగా? పైకొచ్చేశారనుకున్నాం." అంటూ అంటూనే అతని గొంతు సన్నబడిపోయింది. పైకొచ్చినవాడు కిందనుంచి ఎలా కొడతాడో అతనికి అప్పుడే తట్టినట్టుంది. పైపు కింద పడేసి, లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

నిదానం ఆ తడి కాంక్రీటు మీద పడి చేతులతో తవ్వాడు. మోచేతుల దాకా దిగాయి గానీ, ఎంత తీసినా అంతా మళ్ళీ వచ్చి మూసుకుంటోంది. కాపలావాడు వెనక్కి లాగుతూ, "నీకు మతి పోయిందయ్యా, వాడు ఇంట్లో ఉంటే ఇక్కడ వెతుకుతావేంటి, ఇంటికి ఫోను చేసి కనుక్కో" అన్నాడు.

అప్పుడే జేబులో ఫోను మోగింది. సిమెంటు చేత్తోనే తీశాడు. భార్య.

"ఏవండీ, ఎక్కడున్నారు? వచ్చేయండి." ఆవిడ గొంతులో ఏడుపు లేదు. నవ్వుతోంది. "నేనే పొరబడ్డాను. పాడు కళ్ళు. వీడు మన వాడేనండీ."

"గుమ్మం దగ్గర్నుంచి లేచావా? దాని దగ్గరికి ఎందుకెళ్ళావు?"

"పలకరించాడండీ. అక్కా అన్నాడు. అప్పట్నుంచి ఒకటే వాగుడు. అన్నం కలిపి నోట్లో పెడుతున్నా కూడా ఆపట్లేదు. ఉండండి, మీతో మాట్లాడతాడట."

నిదానం ఫోను చెవికి నొక్కిపట్టాడు. అటువైపు గిన్నె చప్పుడైంది. తర్వాత బావమరిది గొంతు. వాడిదే. సందేహం లేదు, ప్రపంచంలో ఇంకెవరికీ లేని గొంతు. గసపెడుతోంది.

"బావా... బావా, లైటారిపోయింది. ఇక్కడేం కనపట్లేదు. ఆగమని ఎన్నిసార్లు కొట్టానో, నువ్వు వినలేదా బావా? పైనుంచి ఏదో పడుతోంది... తడిగా, బరువుగా. మోకాళ్ళు దాటింది. కాళ్ళు రావట్లేదు. కేకలేస్తున్నా. ఎవరూ వినట్లేదు... నడుం దాకా వచ్చేసింది బావా. అక్కకి చెప్పకు, భయపడుతుంది. నువ్వొక్కడివి రా... తొందరగా రా... ఇక్కడ నా పక్కన ఎవరో..."

మాట గుటకలో కలిసిపోయింది. మళ్ళీ లేచింది. మళ్ళీ గుటక.

ఆ గుటకల వెనకనుంచి, ముద్దుగా కసురుకుంటూ, అతని భార్య గొంతు వినిపించింది.

"మింగి మాట్లాడరా నాయనా, పొలమారుతుంది."